సంకేతశిల్పి డేవిడ్ హఫ్మన్

నల్లమల అంచున, అచ్చంపేట దాపున వెలసిన ఉమామహేశ్వర క్షేత్రాన్ని దర్శించిన యాత్రికులు అక్కడి కొండల ఛాయాచిత్రాలు తీసి దూరదేశాలలోని బంధువులకు పంపుతుంటారు. అవి క్షణాలలో చేరుతాయి. చిత్రంలోని ప్రతి చుక్క రంగునూ ఉన్నదున్నట్లుగా పంపవలసి వస్తే ఆ క్షణాలు నిమిషాలవుతాయి. చిత్రాన్ని ముందుగా కుదించి, ఆ తరువాత పంపడం వల్లనే ఈ వేగం సాధ్యమవుతున్నది. ఛాయాచిత్రాలకు ఎక్కువగా వాడే జేపెగ్ పద్ధతిలో ఆ కుదింపు చివరి మెట్టు సాధారణంగా హఫ్మన్ సంకేతం. దానిని 1951లో కనుగొన్నవాడు అప్పటికింకా విద్యార్థి. వార్షిక పరీక్షను తప్పించుకొనే ప్రయత్నంలో అది ఆయనకు దొరికింది.

డేవిడ్ ఆల్బర్ట్ హఫ్మన్ 1925 ఆగస్టు 9వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, అలయన్స్ పట్టణంలో జన్మించాడు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగు చదివి 1944లో, పద్దెనిమిదేళ్ల వయసులోనే పట్టభద్రుడయ్యాడు. అప్పటికి రెండవ ప్రపంచ యుద్ధం ముగియలేదు. ఆయన నౌకాదళంలో చేరాడు. ఒక యుద్ధనౌక మీద రాడార్ యంత్రాల సంరక్షణ ఆయనకు అప్పగించిన బాధ్యత. జపాను, చైనా జలాలలో యుద్ధకాలం నాటి మందుపాతరలను తొలగించే పనిలో ఆ నౌక పాల్గొన్నది. కొలువు ముగించుకొని వచ్చి, అదే విశ్వవిద్యాలయంలో 1949లో మాస్టర్స్ పట్టా పొంది, పరిశోధన కొరకు మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. అనే ప్రఖ్యాత సాంకేతిక విద్యాసంస్థలో చేరాడు.

ఆ రోజులలో సమాచార సిద్ధాంతం పసితనంలో ఉన్నది. బెల్ ప్రయోగశాలలో పనిచేసే క్లాడ్ షానన్ 1948లో ప్రచురించిన వ్యాసంతో అది పుట్టింది. సందేశం ఏదైనా సున్నాలు, ఒకట్లుగా మార్చవచ్చు. అందులోని సమాచారం ఎంతో కొలవవచ్చు. ఆ కొలతకంటె తక్కువ బిట్లలో దానిని ఇమడ్చడం అసాధ్యం అని షానన్ నిరూపించాడు. సున్నా గాని ఒకటి గాని పట్టే ఒక్క స్థానమే బిట్. హద్దు ఎక్కడ ఉన్నదో తెలిసింది గాని, ఆ హద్దుకు వీలైనంత దగ్గరగా పోయే సంకేతాలను కూర్చే మార్గం తెలియలేదు.

తరచుగా వచ్చే అక్షరానికి పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడుగు సంకేతం ఇవ్వాలన్న ఆలోచన పాతదే. పంతొమ్మిదవ శతాబ్దపు మోర్స్ సంకేతాలలో అది ఉన్నది. ఇంగ్లీషులో అన్నిటికంటె ఎక్కువగా కనిపించే 'ఈ' అనే అక్షరానికి ఒక చుక్క, 'టీ' అనే అక్షరానికి ఒక గీత, 'ఏ' అనే అక్షరానికి ఒక చుక్కా ఒక గీతా కేటాయించారు. చిక్కు కూడా అక్కడే ఉన్నది. చుక్క, గీత వరుసగా వినిపిస్తే అది ఒక్క 'ఏ' అక్షరమో, 'ఈ', 'టీ' అనే రెండు అక్షరాలో చెప్పలేము. అందుచేత తంతి గుమాస్తాలు అక్షరానికీ అక్షరానికీ నడుమ కొంత విరామం పాటించేవారు. మన దేశంలో 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. యంత్రాలు మాట్లాడుకొనేటప్పుడు ఆ విరామం కూడా ఖర్చే. సున్నా, ఒకటి తప్ప మూడవ గుర్తు వాటికి లేదు.

విరామం అవసరం లేకుండా పొట్టి పొడుగు తునకలను విడదీయడం తెలుగు ఛందస్సు నేర్చినవారికి కొత్త కాదు. ఇంద్రగణాలు ఆరు. నల అంటే నాలుగు లఘువులు. నగ అంటే మూడు లఘువులు, ఒక గురువు. సల అంటే రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. భ, ర, త గణాలు మూడేసి అక్షరాలవి. నిడివులు వేరైనా వీటిలో ఏ గణమూ మరొక గణానికి తొలిభాగం కాదు. కావుననే పాదాన్ని ఎడమ నుండి చదువుకొంటూ పోతే గణం ఎక్కడ ముగిసిందో గణమే చెబుతుంది. సూర్యగణమైన న గణం, అంటే మూడు లఘువులు, నల గణానికి తొలిభాగమే. అయినను తేటగీతి పాదంలో మొదట ఒక సూర్యగణం, పిదప రెండు ఇంద్రగణాలు, చివర రెండు సూర్యగణాలు వస్తాయని నియమం ఉన్నందున ఏ చోట ఏ పట్టిక చూడాలో చదువరికి ముందే తెలుసు. లాక్షణికులు దీనిని సమాచార శాస్త్రంగా తలచి ఉండరు. వారు చూసుకొన్నది నడక. కాని హఫ్మన్ ముందున్న సమస్యకు ఈ ఆరు గణాలకంటె తేలికైన ఉదాహరణ దొరకదు.

1951లో ఎం.ఐ.టి.లో రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు సమాచార సిద్ధాంతం బోధిస్తున్నాడు. ఆయన తన విద్యార్థులకు ఒక వెసులుబాటు ఇచ్చాడు. చివరి పరీక్ష రాయవచ్చు. లేదా ఒక సమస్యను పరిష్కరిస్తూ వ్యాసం సమర్పించవచ్చు. అక్షరాలు ఎన్నెన్నిసార్లు వస్తాయో తెలిసినప్పుడు, అన్నిటికంటె తక్కువ బిట్లు పట్టే సంకేతాలను కూర్చే పద్ధతిని కనుగొనాలన్నది ఆ సమస్యలలో ఒకటి. చూపునకు చిన్న లెక్కే. హఫ్మన్ దానిని ఎంచుకొన్నాడు. ఆ సమస్యతో షానన్, ఫానో ఇద్దరూ కుస్తీపట్టారనీ, ఇద్దరికీ సంపూర్ణమైన సమాధానం దొరకలేదనీ ఆయనకు తెలియదు. ఫానో ఆ సంగతి తరగతిలో చెప్పలేదు. చెప్పి ఉంటే హఫ్మన్ పరీక్షకే కూర్చొనేవాడేమో!

నెలల తరబడి శ్రమించినా ఫలితం లేకపోయింది. కొన్ని పద్ధతులు తోచాయి గాని, వాటికంటె మేలైనది లేదని నిరూపించలేకపోయాడు. పరీక్ష దగ్గరపడింది. ఇక పుస్తకాలు పట్టవలసిందేనని నిశ్చయించుకొని, రాసుకొన్న కాగితాలను చెత్తబుట్ట పాలు చేయబోయే వేళ సమాధానం స్ఫురించింది.

షానన్, ఫానో పైనుండి కిందికి నడిచారు. అక్షరాలన్నిటినీ దాదాపు సమాన బరువుగల రెండు గుంపులుగా చీల్చి, ఒక గుంపుకు సున్నా, మరొక గుంపుకు ఒకటి ఇచ్చి, ఒక్కొక్క గుంపును మళ్లీ చీల్చుతూ పోయారు. హఫ్మన్ దానిని తలకిందులు చేశాడు. అన్నిటికంటె అరుదైన రెండింటిని ముందుగా జతచేసి, ఆ జతను ఒకే అక్షరంగా లెక్కించి, మిగిలిన వాటితో కలిపి మళ్లీ అన్నిటికంటె తక్కువైన రెండింటిని జతచేయాలి. చివరకు ఒక్కటే మిగిలేవరకు ఇలా సాగాలి. చెట్టును ఆకుల నుండి మొదలుపెట్టి వేరుదాకా కట్టడమన్నమాట.

రెండు మార్గాలకూ గల తేడా ఒక ఊహాచిత్రంతో స్పష్టమవుతుంది. అచ్చంపేట వ్యవసాయ మార్కెట్ యార్డుకు ఒక ఉదయం 39 మంది రైతులు సరుకు తెచ్చారనుకొందాం. వారిలో 15 మందిది వేరుశనగ, ఏడుగురిది పత్తి, ఆరుగురిది మొక్కజొన్న, ఆరుగురిది కంది, ఐదుగురిది ఆముదం. పంటలు ఐదు గనుక సమాన నిడివి సంకేతాలకు ఒక్కొక్కదానికి మూడు బిట్లు కావాలి. చిట్టా మొత్తం 117 బిట్లవుతుంది. పైనుండి చీల్చితే వేరుశనగ, పత్తి ఒక వైపు, తక్కిన మూడూ మరొక వైపు పడతాయి. వేరుశనగ, పత్తి, మొక్కజొన్నలకు రెండేసి బిట్లు, కందికి, ఆముదానికి మూడేసి బిట్లు వస్తాయి, మొత్తం 89. హఫ్మన్ ముందుగా ఆముదాన్ని కందితో జతచేస్తాడు, అది 11. తరువాత మొక్కజొన్నను పత్తితో, అది 13. ఆ రెండు జతలు కలిసి 24. చివరకు దానితో వేరుశనగ చేరి 39. వేరుశనగకు ఒకే బిట్, తక్కిన నాలుగింటికీ మూడేసి. మొత్తం 87. ఆదా అయినవి రెండు బిట్లే. కాని ఇంతకంటె తగ్గించడం ఎవరి తరమూ కాదని రుజువు చేయగలగడమే అక్కడి గెలుపు.

విద్యార్థికి పరీక్ష తప్పింది. ఆ వ్యాసమే మెరుగులు దిద్దుకొని 1952 సెప్టెంబరులో రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో అచ్చయింది. గురువుకు లొంగని సమస్యను శిష్యుడు సాధించిన సంఘటనలు శాస్త్ర చరిత్రలో లేకపోలేదు గాని, పరీక్ష బెడద వల్ల సాధించినవి అరుదు.

సంకేతించడం సగం పనే. మరొక సగం విప్పడం. 'నల్లమల' అన్న మాటను కంప్యూటరు ఆరు గుర్తులుగా దాచుకొంటుంది. న, ల, ఒత్తును కలిపే పొల్లు, ల, మ, ల. ఇందులో ల మూడుసార్లు, తక్కినవి ఒక్కొక్కసారి వచ్చాయి. హఫ్మన్ పద్ధతిలో ల కు 0, మ కు 10, న కు 110, పొల్లుకు 111 అని ఇవ్వవచ్చు. మాట మొత్తం 11001110100 అవుతుంది, పదకొండు బిట్లు. విప్పేవాడు ఎడమ నుండి చదువుతాడు. 1 ఏ సంకేతమూ కాదు, 11 కూడా కాదు, 110 అనగానే న దొరికింది. తరువాతి 0 ల. ఆపై 111 పొల్లు, 0 ల, 10 మ, 0 ల. ఎక్కడా విరామం లేదు, ఎక్కడా సందేహం లేదు. ఐతే నడుమ ఒక్క బిట్ జారితే అక్కడి నుండి అర్థం చెడుతుంది. గణవిభజనలో ఒక్క లఘువు తప్పితే పాదమంతా తారుమారైనట్లే.

అక్షరాల సంగతి సరే, సంఖ్యల సంగతేమి? అక్షరాలకు లెక్క ఉన్నది. సంఖ్యలకు అంతం లేదు. ప్రతి సంఖ్యకూ చెట్టుమీద ఒక ఆకు ఉండాలంటే చెట్టు ఎప్పటికీ పూర్తి కాదు. హఫ్మన్‌తోపాటు ఎం.ఐ.టి.లో 1953లోనే అధ్యాపకుడైన పీటర్ ఎలియాస్ 1975లో దీనికి ఒక సమాధానం ప్రచురించాడు. సంఖ్య ముందు దాని నిడివిని తెలిపే సున్నాలు ఉంచడం అందులోని తేలికైన పద్ధతి. తొమ్మిదిని ద్విసంఖ్యలో 1001 అని రాస్తారు. దానికంటె ముందు మూడు సున్నాలు చేర్చితే 0001001. విప్పేవాడు సున్నాలను లెక్కపెడతాడు. మూడు ఉన్నాయి గనుక ఆపైన నాలుగు బిట్లు చదివి ఆగుతాడు. తెలుగు అక్షరాలను నేడు కంప్యూటర్లలో దాచే యూటీఎఫ్-8 పద్ధతి 1992 నాటిది. అదీ ఈ బాటదే, కాని అక్కడ లెక్కపెట్టవలసినవి ఒకట్లు. తెలుగు గుర్తు ఏదైనా దాని మొదటి బైటు 11100000. మొదట మూడు ఒకట్లు కనిపించగానే ఈ గుర్తుకు మూడు బైట్లని తెలిసిపోతుంది. ఆ లెక్కన 'నల్లమల'కు 18 బైట్లు.

హఫ్మన్ చెట్టును, సంఖ్యలను కలిపి నడిపే ఉపాయం 1990ల నాటి డిఫ్లేట్ అనే పద్ధతిలో కుదిరింది. దానిని రూపొందించినవాడు ఫిల్ కాట్జ్. జిప్ దస్త్రాలలోను, పీఎన్‌జీ చిత్రాలలోను పనిచేసేది అదే. దానిని అమలుచేసే జీలిబ్ అనే ఉచిత గ్రంథాలయాన్ని జాన్-లూ గయీ, మార్క్ అడ్లర్ 1995లో విడుదల చేశారు. ఇక్కడ గ్రంథాలయమంటే ఇతర ప్రోగ్రాములు ఎరువు తెచ్చుకొని వాడుకొనే ప్రోగ్రాముల పొది. ఒకసారి వచ్చిన మాట మళ్లీ వచ్చినప్పుడు ఈ పద్ధతి దానిని తిరిగి రాయదు. ఇన్ని బైట్లు వెనుకకు పోయి అన్ని బైట్లు తెచ్చుకొమ్మని రెండు సంఖ్యలు రాస్తుంది. నిడివి 3 నుండి 258 వరకు, దూరం 1 నుండి 32,768 వరకు ఉండవచ్చు. అన్ని దూరాలకూ చెట్టు కట్టలేరు గనుక సంఖ్యలను గుంపులు చేశారు. గుంపుకు హఫ్మన్ సంకేతం, గుంపులోని స్థానానికి కొన్ని అదనపు బిట్లు.

'నల్లమల' అన్న మాట 300 బైట్ల తరువాత మళ్లీ వచ్చిందనుకొందాం. విప్పే ప్రోగ్రాము మొదటి చెట్టు వెంట దిగి 268 అనే గుంపును చేరుతుంది. ఆ గుంపు 17 నుండి మొదలవుతుంది, దానికి ఒక అదనపు బిట్ ఉంటుంది. అది 1 గనుక నిడివి 18. నిడివి తరువాత దూరమే రావాలన్నది నియమం. కనుక ప్రోగ్రాము రెండవ చెట్టుకు మారుతుంది. తేటగీతిలో సూర్యగణం కాగానే ఇంద్రగణాల పట్టికకు మారినట్లే. అక్కడ 16వ గుంపు దొరుకుతుంది. అది 257 నుండి మొదలు, ఏడు అదనపు బిట్లు. వాటి విలువ 43. రెండూ కలిపితే 300. ఇంతలో ఒక మెలిక ఉన్నది. హఫ్మన్ సంకేతాలను పెద్ద స్థానం నుండి, అదనపు బిట్లను చిన్న స్థానం నుండి చదవాలి. కొత్తగా ఈ పని చేపట్టిన ప్రోగ్రామర్లు తడబడే చోటు ఇది. వేగం కొరకు మంచి గ్రంథాలయాలు ఒక్కొక్క బిట్ వెంట చెట్టు దిగవు. కొన్ని బిట్లను ఒకేసారి తీసుకొని, ముందే సిద్ధం చేసుకొన్న పట్టికలో చూసుకొంటాయి.

ఆ పట్టిక దగ్గరే ప్రమాదం పొంచి ఉంటుంది. చెట్టును మొత్తంగా పంపడం దండుగ గనుక దస్త్రంలో సంకేతాల నిడివులు మాత్రమే ఉంటాయి. వాటినిబట్టి విప్పేవాడు పట్టికను తిరిగి కట్టుకొంటాడు. ఆ నిడివులు నిజమైన చెట్టుకు చెందినవో కావో సరిచూడవలసింది కూడా అతడే. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ చిత్రాలను విప్పే గ్రంథాలయంలో ఇక్కడే లోపం బయటపడింది. పట్టికకు కేటాయించిన జాగా సక్రమమైన చెట్లకు సరిపోతుంది. దురుద్దేశంతో అల్లిన తప్పుడు నిడివులు వచ్చినప్పుడు మాత్రం, అవి తప్పని తేలకముందే ప్రోగ్రాము జాగా దాటి రాసేది. ఒక చిత్రాన్ని పంపి ఎదుటివారి యంత్రంలో చొరబడడానికి అది దారి ఇచ్చింది. గూగుల్ క్రోమ్ మొదలుకొని ఎన్నో బ్రౌజర్లకు హుటాహుటిన దిద్దుబాట్లు విడుదలయ్యాయి. లోపం హఫ్మన్ గణితంలో లేదు. వచ్చిన సంఖ్యను సరిచూడకుండా నమ్మడంలో ఉన్నది.

హఫ్మన్ మాత్రం తన తొలి గెలుపు దగ్గరే ఆగిపోలేదు. 1953లో డాక్టరేటు పొందాడు. అందుకు రాసిన సిద్ధాంత గ్రంథం కుదింపు మీద కాదు, వరుసక్రమంలో పనిచేసే విద్యుత్ వలయాల మీద. కంప్యూటర్ల నిర్మాణంలో దానికి పెద్ద విలువ లభించింది. ఎం.ఐ.టి.లోనే అధ్యాపకుడుగా ఉండి, 1967లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ శాఖకు తరలిపోయాడు. అక్కడ కంప్యూటరు శాస్త్ర విభాగాన్ని నెలకొల్పడంలో పాలుపంచుకొని, 1970 నుండి 1973 వరకు దానికి అధ్యక్షత వహించాడు. 1994లో పదవీ విరమణ చేశాడు.

తన సంకేతానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. దాని మీద ఆయనకు రాబడి ఏమీ లేదు. పేటెంటు చిక్కులు లేకపోవడం ఆ సంకేతం ఇన్ని చోట్లకు పాకడానికి ఒక కారణమని చెప్పవచ్చు. అంకగణిత సంకేతం అనే మరొక పద్ధతి తరచుగా ఇంతకంటె కొంత మిన్నగా కుదిస్తుంది. దాని చుట్టూ పేటెంట్లు ఉన్నందువల్ల జేపెగ్ వాడుకలో అది చాలాకాలం పక్కనే ఉండిపోయింది.

వయసు మళ్లిన కొద్దీ హఫ్మన్ మనస్సు కాగితం వైపు మళ్లింది. కాగితాన్ని సరళరేఖల వెంట మడవడం అందరికీ తెలుసు. ఆయన వంపు రేఖల వెంట మడిచాడు. కత్తిరించకుండా, అతికించకుండా ఒకే కాగితం నుండి గోపురాలవంటి, అలలవంటి రూపాలు తీశాడు. ఊహకు వచ్చిన రూపాన్ని ముందు లెక్కగట్టి, ఆ తరువాతనే మడిచేవాడు. ఈ విషయం మీద ఆయన 1976లో ఒకే ఒక వ్యాసం ప్రచురించాడు. తక్కిన ఆలోచనలన్నీ నోటు పుస్తకాలలోను, గీసిన రేఖలలోను, మడిచిన నమూనాలలోను ఉండిపోయాయి.

1999లో సమాచార శాస్త్రంలో విశిష్ట కృషికి ఇచ్చే హామింగ్ పతకం ఆయనకు లభించింది. అదే ఏడాది అక్టోబరు 7వ తేదీన, డెబ్బైనాలుగవ ఏట, క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. తరువాతి కాలంలో కుటుంబ సభ్యుల అనుమతితో ఎం.ఐ.టి. పరిశోధకులు ఆయన నోటు పుస్తకాలను, నమూనాలను పరిశీలించారు. కొన్ని చోట్ల రేఖలు మాత్రమే ఉన్నాయి, వివరణ లేదు. ఏ రేఖ వెంట ఎటు మడవాలో ఒక్కొక్కటిగా తేల్చుకొంటూ వారు ఆ కాగితపు రూపాలను మళ్లీ నిలబెట్టారు.